యూరిన్ ఇన్ఫెక్షన్ మాత్రలు మొదలయ్యాక వచ్చే కొత్త నొప్పి ఏమి చెబుతోంది?

మూత్రంలో మంట మొదలైన రెండో రోజున మా పెద్దమ్మ డాక్టరుకు చూపించుకుంది. యాంటీబయాటిక్ రాసిచ్చారు. మూడు రోజుల్లో మంట పూర్తిగా పోయింది. నాలుగో రోజు పొద్దున్న మంచం దిగబోయి, ఎడమకాలు నేల మీద మోపగానే "అమ్మా!" అంటూ మళ్లీ కూలబడింది. పిక్క కండరం సన్నబడి మడమ ఎముకలో కలిసే చోట వేలు తగలనివ్వడం లేదు. అక్కడ కొద్దిగా ఉబ్బింది కూడా. "లోపల ఎవరో తాడు పట్టి లాగుతున్నట్టుంది" అంది. ముందు రోజు నడక ఎక్కువైందనుకుంది. నూనె రాసి గట్టిగా రుద్దుకుంది. ఆ పూట మాత్ర మరిచిపోకుండా వేసుకుంది. మడమకూ మూత్రానికీ సంబంధం ఉంటుందన్న ఆలోచన ఆమెకే కాదు, పక్కనే ఉన్న నాకూ రాలేదు.

సంబంధం ఉంది. ఆ మాత్ర పేరు లెవోఫ్లాక్సాసిన్. ఆమెకు 67 ఏళ్లు. ఉబ్బసం కోసం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కూడా వేసుకుంటోంది. ఆ మందు, ఆ వయసు, ఆ స్టెరాయిడ్ మూడూ ఒకే మనిషిలో కలిస్తే మడమ వెనుక నొప్పి రావచ్చని మందు పెట్టెలోని కాగితం మీదే అచ్చువేసి ఉంది. ఆ కాగితాన్ని మేమెవరం విప్పి చూడలేదు.

అప్పటి నుంచి ఈ విషయాన్ని పట్టుకుని చదువుతూ, డాక్టర్లను అడుగుతూ వచ్చాను. నాకు అర్థమైనది ఇది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కు మందు వాడుతున్నప్పుడు వచ్చే నొప్పి జబ్బుది కావచ్చు, మందుది కావచ్చు, ఈ రెంటి మధ్య సందు చూసుకుని దూరిన మరో సమస్యది కావచ్చు. మనం అన్నింటినీ ఒకే ఖాతాలో రాసేస్తాం. దానివల్ల కొందరు పనిచేస్తున్న మందును మధ్యలో ఆపేస్తారు. ఇంకొందరు హాని చేస్తున్న మందును పళ్లబిగువున మింగుతూ పోతారు. నొప్పి ఎక్కడ ఉంది, ఎన్నో రోజున వచ్చింది, ఎటు పోతోంది అన్న మూడు సంగతులు గమనిస్తే చాలా చిక్కు విడిపోతుంది.

జబ్బు నొప్పి ఎలా తగ్గాలి?

ముందు మామూలుగా జరిగేది తెలిస్తే తేడా తెలుస్తుంది. ఈ ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం ఇ.కొలై అనే బ్యాక్టీరియా వల్ల వస్తాయి. అది మన పేగుల్లో ఉండేదే. మూత్రమార్గం గుండా పైకి పాకి మూత్రాశయం చేరుతుంది. ఆడవారిలో ఆ మార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవారిలో సుమారు 20. ఆడవారికి ఈ బాధ తరచుగా రావడానికి ప్రధాన కారణం ఈ కొలతే కానీ, శుభ్రత లేకపోవడం కాదు. మూత్రాశయం లోపలి పొరకు బ్యాక్టీరియా అతుక్కుంటుంది, శరీరం దాని మీద దాడి చేస్తుంది, ఆ పోరులో పొర వాచిపోతుంది. వాచిన పొరలోని నరాలు చిన్న కదలికకే ఉలిక్కిపడతాయి. అందుకే రెండు చెంచాల మూత్రం చేరినా నిండిపోయినట్టు అనిపిస్తుంది. చివరి చుక్కలు వచ్చేటప్పుడు, మూత్రాశయం ముడుచుకునే వేళ, పొత్తికడుపులో పిండినట్టు ఉంటుంది.

యాంటీబయాటిక్ బ్యాక్టీరియాను చంపుతుంది, లేదా పెరగకుండా ఆపుతుంది. నొప్పిని మొద్దుబార్చే గుణం దానికి లేదు. పొయ్యి ఆర్పేసినా గిన్నె కాసేపు కాలుతూనే ఉంటుంది కదా, బ్యాక్టీరియా పోయాక వాపు కూడా అలాగే కొంత సమయం తీసుకుంటుంది. కాబట్టి మొదటి మాత్ర వేసుకున్న రోజు సాయంత్రం మంట ఉందంటే మందు పనిచేయలేదని కాదు. చాలామందికి 24 నుంచి 48 గంటల్లో తేడా తెలుస్తుంది. పూర్తిగా పోవడానికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. నొప్పి ఉందా లేదా అన్నదానికంటే, నిన్నటి కంటే ఇవాళ తగ్గిందా అన్నది ముఖ్యం. రెండు రోజులు దాటినా మార్పు లేకపోతే, లేదా తగ్గి మళ్లీ పెరిగితే, మూడో రోజుకల్లా డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్లాలి.

తగ్గకపోవడానికి మొదట అనుమానించాల్సింది బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకపోవడం. మూత్రం కల్చర్ పరీక్ష చేస్తే ఏ బ్యాక్టీరియా ఉందో, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. కానీ బ్యాక్టీరియా పెరిగి ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా డాక్టరు అనుభవాన్ని బట్టి అంచనాగా మందు మొదలుపెడతారు. ఆ అంచనా ఎక్కువసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు తప్పుతుంది. కల్చర్ కోసం మూత్రం ఇవ్వమంటే మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. వేసుకున్నాక ఇస్తే, ఉన్న బ్యాక్టీరియా కూడా పరీక్షలో కనబడకపోవచ్చు.

రెండో కారణం గురించి చాలామందికి ఎవరూ చెప్పరు. మందు సరైనదే అయినా, దాన్ని మనమే అడ్డుకుంటూ ఉండవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రను పాలతోనో పెరుగుతోనో మింగితే, లేదా క్యాల్షియం, ఐరన్, జింక్ మాత్రలతో, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటే, ఆ లోహాలు మందును కడుపులోనే పట్టేసుకుంటాయి. రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. గ్యాస్ మందు, ఐరన్ మాత్ర వేసుకోవడానికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోవాలని దాని సూచనల్లో ఉంటుంది. నైట్రోఫ్యురాంటాయిన్‌ది ఇంకో కథ. అది భోజనంతో కలిపి వేసుకుంటేనే బాగా ఒంటబడుతుంది, కడుపులో వికారమూ తగ్గుతుంది. అయితే అది ఆమ్లగుణం ఉన్న మూత్రంలో బాగా పనిచేస్తుంది. మంట తగ్గుతుందని చాలామంది తాగే సిట్రేట్ సిరప్‌లు మూత్రంలోని ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. రెండూ కలిసి మింగేవారు ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కుంటున్నారన్నమాట. కిడ్నీలు బాగా బలహీనపడినవారిలో నైట్రోఫ్యురాంటాయిన్ మూత్రంలోకి సరిపడా చేరదు. అక్కడ ఫలితం తగ్గి, రక్తంలో మందు పేరుకుని దుష్ప్రభావాలు పెరుగుతాయి.

అసలు అది యూరిన్ ఇన్ఫెక్షనే కాకపోవచ్చు కూడా. కల్చర్‌లో ఏమీ పెరగదు, నొప్పి మాత్రం నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. మూత్రాశయం నిండేకొద్దీ పెరిగి, ఖాళీ అయితే కాస్త ఉపశమిస్తుంది. దాన్ని మూత్రాశయ నొప్పి సిండ్రోమ్ అంటారు. లైంగికంగా సోకే క్లమీడియా, గనేరియా కూడా మూత్రంలో మంటతోనే బయటపడవచ్చు. వీటన్నింటినీ యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ మార్చి రాయడం పరిష్కారం కాదు.

నొప్పి పైకి పాకితే

పొత్తికడుపులో ఉన్న నొప్పి నడుము పక్కకు మారితే వెంటనే జాగ్రత్తపడాలి. చివరి పక్కటెముక వెన్నుపూసను కలిసే మూల ఉంటుంది, డాక్టర్లు పిడికిలితో మెల్లగా తట్టి చూసేది అక్కడే. అక్కడ నొప్పి, దానితో చలి, వణుకు, జ్వరం, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందని అనుమానించాలి. కండరం పట్టేసిన నడుము నొప్పి వంగితే పెరుగుతుంది, పడుకునే తీరు మార్చుకుంటే తగ్గుతుంది. కిడ్నీ నొప్పి ఎటు తిరిగినా సాధారణంగా ఒకేలా ఉంటుంది.

"మాత్రలు వేళ తప్పకుండా వేసుకుంటున్నాను కదా, పైకి ఎలా పాకింది?" అని రోగులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నైట్రోఫ్యురాంటాయిన్, ఒకే మోతాదుగా తాగే ఫాస్ఫోమైసిన్ మూత్రంలో బాగా చేరతాయి కనుక మూత్రాశయానికి చక్కని మందులు. కిడ్నీ కణజాలంలోకి మాత్రం చాలినంత చేరవు. ఇన్ఫెక్షన్ ఒకసారి కిడ్నీకి ఎక్కాక ఆ మాత్రలను ఎంత శ్రద్ధగా మింగినా అవి ఆదుకోలేవు. మందు మార్చాలి, ఒక్కోసారి ఆసుపత్రిలో చేరి సూది ద్వారా తీసుకోవాలి.

రాయి నొప్పి వేరు. అది అలలు అలలుగా వస్తుంది, డొక్క నుంచి గజ్జలోకి దిగుతుంది, మనిషిని ఒకచోట కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు. రాయి నొప్పితో పాటు జ్వరం కూడా ఉంటే అది తెల్లవారేదాకా ఆగే విషయం కాదు. రాయి అడ్డం పడి, దాని వెనుక ఇన్ఫెక్షన్ ఉన్న మూత్రం నిలిచిపోతే, ఎంత మంచి యాంటీబయాటిక్ అయినా ఒంటరిగా గెలవలేదు. ముందు ఆ మూత్రం బయటకు పోయే దారి చేయాలి.

మగవారిలో వృషణాలకూ మలద్వారానికీ మధ్య లోతుగా నొప్పి, మూత్రం సన్నగా ఆగి ఆగి రావడం ఉంటే ప్రొస్టేట్ గ్రంథికి సోకి ఉండవచ్చు. దానికి మూడు రోజుల కోర్సు, ఐదు రోజుల కోర్సు చాలవు, వారాలు పడుతుంది. ఇక పెద్దవయసువారిలో నొప్పి అసలు చెప్పుకోదగ్గంత ఉండకపోవచ్చు. మాట తడబడటం, మనుషులను పోల్చుకోలేకపోవడం, మగతగా పడి ఉండటం, ఊపిరి వేగంగా తీయడం కనబడితే ఇన్ఫెక్షన్ రక్తంలోకి వెళ్లి ఉండవచ్చు. అప్పుడు నేరుగా అత్యవసర విభాగానికే తీసుకెళ్లాలి.

మంట తిరిగి వచ్చిందా, చోటు మారిందా?

ఈ పొరపాటును చాలాసార్లు చూశాను, ప్రతిసారీ బాధ కలిగింది. మొదటి రెండు మూడు రోజుల్లో మంట తగ్గుతుంది. ఐదో రోజో ఆరో రోజో, కోర్సు ముగిసిన వారానికో, మళ్లీ మంట. "ఇన్ఫెక్షన్ తిరగబెట్టింది" అనుకుని ఇంకా బలమైన యాంటీబయాటిక్ అడుగుతారు. దానితో మంట ఇంకా పెరుగుతుంది.

జరిగేది ఇది. యోనిలో మేలు చేసే బ్యాక్టీరియా ఎప్పుడూ కాపలా ఉంటుంది. అక్కడ కొద్దిపాటి ఫంగస్ కూడా అణిగిమణిగి ఉంటుంది. ఇ.కొలై కోసం వేసుకున్న యాంటీబయాటిక్ ఈ కాపలాదారులను కూడా చంపేస్తుంది. ఫంగస్‌ను అది ఏమీ చేయలేదు. కాపలా పోయాక ఫంగస్ పెరుగుతుంది. చర్మం ఎర్రబడి, ఒరిసి, దురదపెడుతుంది. విరిగిన పాల ముద్దల్లాంటి తెల్లబట్ట కావచ్చు. ఆ ఒరిసిన చర్మం మీద మూత్రం పడగానే పుండు మీద కారం చల్లినట్టు మండుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి: మంట మూత్రం లోపలి నుంచి వస్తున్నప్పుడు పుడుతోందా, బయటి చర్మానికి తగిలినప్పుడు పుడుతోందా? లోపలి మంటకు తోడుగా మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో బరువు ఉంటాయి. బయటి మంటకు తోడుగా దురద, ఎరుపు ఉంటాయి, మాటిమాటికీ పరుగెత్తాల్సిన తొందర పెద్దగా ఉండదు. ఈ ఒక్క తేడా చెబితే డాక్టరు వేరే దారిలో ఆలోచిస్తారు. దీనికి కావలసింది ఫంగస్ మందు.

కానీ ఆ మాట నోటి వరకు రాదు. "మళ్లీ మంటగా ఉంది డాక్టరుగారూ" అని మాత్రమే చెప్పి తల దించుకునే ఆడవారు ఎందరో. దురద అని చెప్పడానికే సిగ్గు. అవతల అడిగేవారు కూడా హడావుడిలో అడగరు. ఫోనులో మాట్లాడినా, ఎదుట కూర్చున్నా, "బయట దురదగా ఉంది" అన్న మూడు మాటలు చెప్పండి. కాలు నొప్పి గురించి ఎంత మామూలుగా చెబుతామో ఇదీ అంత మామూలుగా చెప్పవలసిందే.

మడమ దగ్గరి తాడు

ఇప్పుడు పెద్దమ్మ మడమ. కండరాన్ని ఎముకకు బిగించి పట్టే గట్టి తాడులాంటి భాగాన్ని స్నాయువు అంటారు, డాక్టర్ల మాటలో టెండన్. శరీరంలో అన్నిటికంటే లావుగా, బలంగా ఉండేది పిక్కను మడమకు కలిపే అకిలీస్ టెండన్. ప్రతి అడుగులో శరీరం బరువును లాగేది అదే.

1962లో నాలిడిక్సిక్ ఆమ్లం అనే మందు కనిపెట్టారు. అది యూరిన్ ఇన్ఫెక్షన్‌కే వాడారు. ఆ తల్లివేరు నుంచి పుట్టిన పెద్ద కుటుంబమే ఫ్లోరోక్వినొలోన్లు. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ అన్నీ ఈ ఇంటివే. పేరు చివర "ఫ్లాక్సాసిన్" అని ఉంటే ఈ కుటుంబమని గుర్తు. మాత్రల పట్టీ మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే చదవాలి.

స్నాయువుల మీద వీటి ప్రభావం గురించిన తొలి నివేదిక 1983లో న్యూజిలాండ్ నుంచి వచ్చింది, నార్‌ఫ్లాక్సాసిన్ వాడిన రోగుల్లో. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, స్నాయువు వాపు, తెగిపోవడం గురించి ఈ మందుల మీద నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. అది ఆ సంస్థ ఇచ్చే హెచ్చరికల్లో అన్నిటికంటే గట్టిది. 2016లో మరో అడుగు ముందుకు వేసి, చిక్కుల్లేని మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్‌కు వేరే మందు ఉన్నంతవరకు వీటిని వాడవద్దని, ఆ సందర్భంలో మేలు కంటే ముప్పే ఎక్కువని చెప్పింది. ఐరోపా సమాఖ్య 2019లో, బ్రిటన్ 2024లో వాడకాన్ని ఇంకా కట్టుదిట్టం చేశాయి. చిన్న ఇన్ఫెక్షన్‌కు ముందుగా నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి ఆలోచించడం వెనుక ఈ చరిత్ర ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? స్నాయువుకు రక్తప్రసరణ తక్కువ, కాబట్టి చిన్న చిరుగు మానడానికే చాలా కాలం పడుతుంది. ఈ మందులు స్నాయువు కణాలకు అవసరమైన మెగ్నీషియాన్ని పట్టేసుకుంటాయనీ, తాడు పోగుల్లాంటి కొల్లాజెన్‌ను విరగ్గొట్టే ఎంజైములను పెంచుతాయనీ ప్రయోగశాల పరిశోధనలు సూచిస్తున్నాయి. 60 ఏళ్లు దాటినవారికి, స్టెరాయిడ్ వాడుతున్నవారికి, కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల మార్పిడి జరిగినవారికి ముప్పు ఎక్కువ. మందు మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే రావచ్చు. ఆపేసిన కొన్ని నెలలకు కూడా రావచ్చు. మనల్ని తప్పుదారి పట్టించేది ఈ రెండోదే. మందు ఎప్పుడో అయిపోయింది కనుక దాన్ని ఎవరూ తలచుకోరు.

ఈ కుటుంబం మందు వాడుతున్నప్పుడు మడమ వెనుక, భుజంలో, మణికట్టు దగ్గర కొత్తగా నొప్పి, వాపు వస్తే తర్వాతి మాత్ర వేసుకోకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. ఆ కాలికి విశ్రాంతి ఇవ్వాలి. అది రుద్ది సరిచేసే నొప్పి కాదు, వ్యాయామంతో సాగదీసేది అంతకంటే కాదు. 'టప్'మన్న శబ్దమో, వెనుక నుంచి ఎవరో కొట్టినట్టో అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే స్నాయువు తెగి ఉండవచ్చు.

ఇదంతా చదివి ఈ మందులంటే హడలిపోనక్కరలేదు. ఎక్కువమందికి ఏ ఇబ్బందీ రాదు. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌లో, ప్రొస్టేట్ ఇన్ఫెక్షన్‌లో, ఇంకేదీ లొంగదీయలేని బ్యాక్టీరియా దొరికినప్పుడు ఇవి ప్రాణం కాపాడతాయి. నా బాధల్లా, చిన్న మంటకు కూడా మొదటి మందుగా, వయసు అడగకుండా, ఇంకేమి మందులు వాడుతున్నారో అడగకుండా రాసేయడం గురించే.

ఇదే కుటుంబం నరాలనూ దెబ్బతీయగలదు. అరికాళ్లలో సూదులు గుచ్చినట్టు, నిప్పుల మీద నడిచినట్టు, తిమ్మిరెక్కినట్టు ఉంటుంది. నైట్రోఫ్యురాంటాయిన్ కూడా అలా చేయవచ్చు, ముఖ్యంగా కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో, ఎక్కువ కాలం వాడినప్పుడు. మధుమేహం ఉన్నవారు దీన్ని షుగర్ ఖాతాలో వేసేస్తారు. ఆ తిమ్మిరి మాత్రలకు ముందు ఉందా, తర్వాత వచ్చిందా అన్నది గుర్తు చేసుకోండి. త్వరగా ఆపకపోతే నరాల దెబ్బ శాశ్వతంగా మిగిలిపోవచ్చు. చాలా అరుదుగా ఈ ఫ్లోరోక్వినొలోన్లు గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం గోడను బలహీనపరుస్తాయని 2018లో హెచ్చరిక వచ్చింది. ఛాతీలో, వీపులో, కడుపులో ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తే అంబులెన్సును పిలవాలి.

మిగతా చోట్లు

నైట్రోఫ్యురాంటాయిన్ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో, రెండు మూడు వారాల్లోపు, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి వస్తే అది జలుబు కాకపోవచ్చు. ఊపిరితిత్తులు ఆ మందుకు ఎదురు తిరిగాయేమో చూడాలి. ఆపితే సాధారణంగా త్వరగానే సర్దుకుంటుంది. ఒకసారి ఇలా జరిగినవారు మళ్లీ ఎప్పుడూ ఆ మందు వేసుకోకూడదు.

కడుపులో తేలికపాటి వికారం, నొప్పి ఏ యాంటీబయాటిక్‌తోనైనా వస్తాయి. డాక్సీసైక్లిన్ లాంటి మాత్రను గుక్కెడు నీళ్లతో మింగి వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది, మింగినప్పుడల్లా రొమ్ము ఎముక వెనుక పొడుస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి అరగంట కూర్చుంటే ఈ బాధ తప్పుతుంది. కడుపు మెలిపెడుతూ రోజుకు మూడుసార్లో అంతకు మించో నీళ్ల విరేచనాలు, జ్వరం ఉంటే యాంటీబయాటిక్ వల్ల పేగుల్లో సి.డిఫిసిల్ అనే మరో బ్యాక్టీరియా పెరిగి ఉండవచ్చు. కోర్సు ముగిసిన వారాలకు కూడా ఇది వస్తుంది. విరేచనాలను బిగించే మాత్ర మీరే వేసుకోకండి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, కళ్లు పచ్చబడటం, ముదురు రంగు మూత్రం కాలేయం గురించి చెబుతాయి.

సల్ఫా మందు, అంటే ట్రైమెథోప్రిమ్‌తో కలిపి ఇచ్చే సల్ఫామెథాక్సజోల్, వాడుతున్నప్పుడు చర్మం నొప్పి పుట్టి, దద్దుర్లు పొక్కులుగా మారి, నోట్లో, కళ్లలో పుండ్లు పడితే అది అత్యవసర పరిస్థితి. దురద లేకుండా నొప్పి ఉన్న దద్దురు ప్రమాదకరమని ఒక చర్మవైద్యురాలు నాకు చెప్పిన మాట మరిచిపోలేదు.

నొప్పి తట్టుకోలేక మనంతట మనం వేసుకునే మాత్రలు కూడా కొత్త చిక్కులు తెస్తాయి. నడుము పట్టేసిందని కండరాలను వదులు చేసే టిజానిడిన్ చాలామంది వేసుకుంటారు. సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిపి అది అసలు వేసుకోకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, పెద్దవయసులో, కొన్ని బీపీ మందులతో కలిసినప్పుడు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఫ్లోరోక్వినొలోన్లతో కలిస్తే ఫిట్స్ వచ్చే ముప్పు కొంత పెరుగుతుంది. కాలేయ సమస్య లేనివారికి మోతాదు మించని పారాసెటమాల్ వీటికంటే నయం. మూత్రమార్గాన్ని మొద్దుబార్చే ఫెనజోపిరిడిన్ మూత్రాన్ని నారింజ రంగులోకి మారుస్తుంది. అది చూసి రక్తం అనుకుని భయపడనక్కరలేదు. కానీ యాంటీబయాటిక్‌తో పాటు దాన్ని రెండు రోజులకు మించి వాడరు. నొప్పి కనబడకుండా పోతే, జబ్బు తగ్గుతోందో లేదో చెప్పే గుర్తు కూడా పోతుంది.

ఆపాలా, కొనసాగించాలా?

"యాంటీబయాటిక్ మధ్యలో ఆపకూడదు" అని అందరం విన్నాం. అది హాయిగా ఉంది కదా అని మానేసేవారి కోసం చెప్పిన మాట. మడమ వాచినా, ఆయాసం వచ్చినా, ఒళ్లంతా పొక్కినా ఓర్చుకుని మింగమని దాని అర్థం కాదు. అలాగే, హాని చేసిన మందును ఆపడంతో పని ముగిసిపోదు, లోపలి ఇన్ఫెక్షన్‌కు చికిత్స ఇంకా మిగిలే ఉంటుంది. ఆపిన రోజే దాని చోటులో మరో మందు మొదలవ్వాలి. గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇందులో ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

ఫోను చేసేటప్పుడు మాత్రల పట్టీ చేతిలో పెట్టుకోండి. మందు అసలు పేరు, ఎన్నో రోజు, ఇప్పటికి ఎన్ని మాత్రలు అయ్యాయి, నొప్పి ఎప్పుడు మొదలైంది, వేలు పెట్టి చూపితే ఎక్కడ, జ్వరం ఉందా, రోజూ వేసుకునే మిగతా మందులు ఏమిటి అన్నవి చెప్పండి. "ఒళ్లు నొప్పులుగా ఉన్నాయి" అంటే అవతలివారికి ఏమీ అందదు. "నాలుగో రోజు పొద్దున్న నుంచి ఎడమ మడమ వెనుక వాపు, ఉబ్బసానికి స్టెరాయిడ్ వాడుతున్నాను" అంటే సగం పని అయిపోయినట్టే.

పెద్దమ్మ విషయంలో ఆ మాట నేను సాయంత్రానికి చెప్పగలిగాను. నాలుగో రోజు రెండో పూట ఆమె నడవలేక గోడ పట్టుకుంటుంటే అనుమానం వచ్చి పెట్టెలోని కాగితం విప్పాను. వేరే డాక్టరు మడమ వెనుక రెండు వేళ్లతో నొక్కి చూసి, మొదటి ప్రశ్నగా "స్టెరాయిడ్ ఏమైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగారు. లెవోఫ్లాక్సాసిన్ ఆపించి, కిడ్నీ పరీక్ష చూసుకుని నైట్రోఫ్యురాంటాయిన్ రాశారు. మడమ కింద ఎత్తు పెట్టిన చెప్పు వేయించారు. వాపు పోవడానికి మూడు వారాలు, మెట్లు మామూలుగా ఎక్కడానికి రెండున్నర నెలలు పట్టింది.

ఇప్పుడు ఆమె పర్సులో ఒక చిన్న అట్టముక్క ఉంది. ఒకవైపు రోజూ వేసుకునే మందుల పేర్లు. రెండోవైపు నా చేతిరాతలో: "ఫ్లాక్సాసిన్ అని ముగిసే మందులు పడవు. మడమ స్నాయువు వాచింది." మొన్న పంటి నొప్పికి వెళ్లినప్పుడు, డాక్టరు మందుచీటీ రాయడానికి కలం తీయగానే, ఆమె ముందు ఆ అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది.